డాబా మీద నీళ్ళ సేద్యం: ఈ నెల మీ ప్రశ్నలు

రోహిణి కార్తె ఎండలు మొదలయ్యాయో లేదో, మన వైజాగ్‌లో డాబాల మీద మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్ళలోనే కూరలు పెంచేవాళ్ళ (హైడ్రోపోనిక్స్ అంటారు దీన్ని) నుంచి ఉత్తరాలూ మెసేజ్‌లూ వచ్చి పడ్డాయి. సగానికి పైగా ఒకటే గోల, చలికాలంలో బ్రహ్మాండంగా వచ్చిన మొక్కలు ఇప్పుడెందుకు చచ్చిపోతున్నాయి అని. అందుకే ఈసారి ఆ ప్రశ్నకే ఎక్కువ చోటిచ్చి మిగతావి కుదించాను, ఏమనుకోకండి.

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీ. డాబా మీద పీవీసీ పైపుల్లో పల్చగా నీళ్ళు పారుతూ వేళ్ళని తడిపే చిన్న ఎన్ఎఫ్‌టీ సెటప్ పెట్టుకున్నాం, కింద 50 లీటర్ల డబ్బా, అందులో మోటారు. సంక్రాంతికి లెట్యూస్, పాలకూర మేం తినగా పక్కింటివాళ్ళకి కూడా ఇచ్చాం. ఏప్రిల్ నుంచి చూస్తే మధ్యాహ్నానికల్లా మొక్కలు తలలు వాల్చేస్తున్నాయి, పైపులో నీళ్ళు మాత్రం పారుతూనే ఉన్నాయి. పీకి చూస్తే వేళ్ళు గోధుమరంగులో జిగురుగా ఉన్నాయి, ఒకలాంటి కుళ్ళు వాసన. బలం చాల్లేదేమో అని మందు (నీళ్ళలో కలిపే పోషకాలు) డబుల్ చేశాం, ఇంకా పాడయ్యాయి. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ డబుల్ డోసు ఆపండమ్మా, ఈ రోజే డబ్బా ఖాళీ చేసెయ్యండి. మీ మొక్కలకి తిండి తక్కువై కాదు, వేళ్ళకి ఊపిరాడక పోతున్నాయి.

నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే 30 దగ్గర ఏడున్నర, 35కి వెళ్తే 7, అంతకన్నా పట్టమన్నా పట్టదు. అదే టైములో వేడికి వేళ్ళు ఇంకా ఎక్కువ ఆక్సిజన్ అడుగుతాయి, అంటే అటు సరుకు తగ్గి ఇటు గిరాకీ పెరిగిందన్నమాట. ఇలా నీరసపడిన వేళ్ళనే పిథియం అనే బూజులాంటి జీవి పట్టుకుంటుంది, మీరు చూసిన గోధుమరంగు, జిగురు, వాసన అన్నీ దాని పనే. నీళ్ళు 25 దాటిన దగ్గర్నుంచి అది జోరందుకుంటుంది, ఇక డాబా మీద ఎండలో పెట్టిన నల్ల డబ్బాలో మే నెల నీళ్ళు 35 దాటినా ఆశ్చర్యం లేదు. వేళ్ళు పోయాక నీళ్ళు ఎదురుగా పారుతున్నా మొక్క తాగలేదు, అందుకే మధ్యాహ్నం తల వాల్చేస్తుంది.

విజయవాడలో 44 కొడుతుంటే మనకి 36 కదా అని సంబరపడతాం గానీ ఈ సేద్యానికి మన ఊరి అసలు ఇబ్బంది పగలు కాదు, రాత్రి. సముద్రం పక్కన ఊరు, మే నెల రాత్రుళ్ళు 27, 28 కిందకి దిగడం కష్టం, దానికి తోడు స్లాబు పగలంతా కాగి రాత్రంతా ఆ వేడి వదుల్తూనే ఉంటుంది, కాబట్టి డబ్బాలో నీళ్ళకి చల్లబడే అవకాశమే ఉండదు. ఇంటర్నెట్లో బెంగళూరు వాళ్ళ వీడియోలు చూసి అలాగే చేశాం అని రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి సాయంత్రం అయితే చల్లగాలి వీస్తుందండీ, మనకి ఉక్కపోత.

ఇక మందు సంగతి. ఎండాకాలంలో మొక్క నీళ్ళు ఎక్కువ తాగుతుంది, మందులోని ఉప్పులు తక్కువ తీసుకుంటుంది, దాంతో డబ్బాలో మిగిలిన ద్రావణం చిక్కబడుతుంది. పొద్దున ఈసీ (నీళ్ళలో ఉప్పులెంత ఉన్నాయో చెప్పే కొలత) 1.2 ఉన్నది సాయంత్రానికి 1.5 అయి కూర్చుంటుంది, మీరు దాని మీద ఇంకో డోసు వేశారు, వేళ్ళు పాడైన మొక్కకి ఉప్పు దెబ్బ కూడా తగిలింది. ఆకుకూరలకి చలికాలంలో 1.4 నుంచి 1.6 దాకా పెట్టుకున్నా ఎండల్లో 1.0, 1.2 చాలు. తగ్గిన నీళ్ళని మామూలు నీళ్ళతోనే నింపండి, ఈసీ చూశాకే మందు వెయ్యాలా వద్దా అన్నది.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. వేళ్ళు కుళ్ళిన మొక్కలన్నీ తీసి పారెయ్యండి, ఒకటి రెండు బాగున్నాయి కదా అని జాలిపడి ఉంచకండి. పైపులూ డబ్బా మోటారూ బ్లీచింగ్ కలిపిన నీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో రెండు మూడుసార్లు తొలిచి, ఎండలో ఆరబెట్టండి. డబ్బాని మెట్ల గది నీడలోకి మార్చండి, కుదరకపోతే చుట్టూ థర్మాకోల్ కట్టి పైన తెల్ల పెయింట్ వెయ్యండి, పైపులకి కూడా తెల్ల పెయింటే. 50 శాతం షేడ్ నెట్ కట్టండి కానీ మొక్కల మీద ఆనించి కాదు, గాలి ఆడేలా రెండు మూడు అడుగులు ఎత్తులో. అక్వేరియం షాపులో దొరికే ఎయిర్ పంపు, బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ డబ్బాలో వేసి రాత్రీ పగలూ నడపండి, దీనికి పెద్ద ఖర్చు కూడా ఉండదు.

డీప్ ఫ్రీజర్లో గడ్డకట్టించిన బాటిళ్ళు వెయ్యొచ్చా అని చాలామంది అడుగుతారు. వెయ్యొచ్చు, కానీ లెక్క చూస్కోండి, 2 లీటర్ల ఐసు బాటిల్ పూర్తిగా కరిగితే 50 లీటర్ల నీళ్ళు మహా అయితే 4 డిగ్రీలు దిగుతాయి, కాసేపటికి మళ్ళీ మామూలే. మధ్యాహ్నం 12కి ఒకటి 3కి ఒకటి మార్చే ఓపిక ఉన్నవాళ్ళకి పనికొస్తుంది, ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళకి కాదు. దానికంటే 50 లీటర్ల డబ్బా తీసేసి 200 లీటర్ల డ్రమ్ము పెట్టుకోడం మేలు, నీళ్ళు ఎక్కువుంటే అంత త్వరగా వేడెక్కవు. డ్రమ్ము నిండితే 200 కిలోలు అని గుర్తుపెట్టుకుని పిల్లర్ దగ్గర, బీము మీద వచ్చేలా పెట్టండి, స్లాబు మధ్యలో వద్దు.

ఇవన్నీ చేసినా లెట్యూస్ రాదు. జూన్ దాకా దాన్ని మర్చిపొండి, ఇంకా చెప్పాలంటే నవంబరు దాకా.

ప్రశ్న: నేను మధురవాడలో ఉంటాను, సాఫ్ట్‌వేర్. లెట్యూస్ విత్తనాలు మంచి కంపెనీవే కొన్నాను, కొబ్బరిపీచు పొట్టు అదే కోకోపీట్‌లో వేసి వారం దాటింది, ఒక్కటీ మొలవలేదు. విత్తనం పాతదా? అసలు ఏడాది పొడవునా ఏదో ఒకటి వచ్చేలా వైజాగ్‌లో ఏ నెలలో ఏం వెయ్యాలో చెప్తారా?

జవాబు: విత్తనం మంచిదే అయ్యుంటుంది తమ్ముడూ. లెట్యూస్ విత్తనం చుట్టూ వేడి 28, 30 దాటితే నిద్రలోకి వెళ్ళిపోతుంది, దాని పుట్టుకే అంత. తడి టిష్యూలో చుట్టి రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి వేస్తే మొలుస్తుంది, కానీ మొలిచాక ఏం చేస్తావు, ఈ ఎండకి నెల తిరక్కుండా పూతకాడ వేసేసి ఆకు చేదెక్కిపోతుంది. కొత్తిమీర, పాలకూర కూడా ఇంతే, కాడ ముందుకొస్తుంది.

నా మాట విని ఇప్పుడు తోటకూర వెయ్యి. హైడ్రోపోనిక్స్ అనగానే అందరికీ లెట్యూసూ బేసిలూ గుర్తొస్తాయి, మన తోటకూర ఎవరికీ ఆనదు. వేడీ వెలుతురూ ఎక్కువైన కొద్దీ ఇంకా బాగా పనిచేసే సీ4 జాతి మొక్క అది, మొక్కజొన్న, చెరకు కూడా ఆ కోవవే. మూడు వారాలకి కోతకొస్తుంది, వేళ్ళతో సహా పీకకుండా పైనుంచి తుంచుకుంటే మళ్ళీ చిగురేస్తుంది. గంగపావిలి కూడా ఎండని లెక్కచెయ్యదు. బచ్చలి తీగ, తూటికూర, గోంగూర, ఇవన్నీ వేడి నీళ్ళని లెట్యూస్ కన్నా చాలా నయంగా తట్టుకుంటాయి, తూటికూర అయితే అసలు చెరువుల్లో పెరిగేదే కదా. పుదీనాకి మాత్రం నీడ కావాలి.

మృగశిర దాటి నాలుగు చినుకులు పడ్డాక, జూన్ చివర్నుంచి బెండ, వంగ, మిర్చి, కీరదోస వేసుకో. వీటిని పైపుల్లో పెట్టకు, వేళ్ళు జడలు కట్టి పైపు మూసుకుపోతుంది, కోకోపీట్ బ్యాగులో గానీ, కింద నీళ్ళు పోయే కన్నమున్న డచ్ బకెట్‌లో గానీ డ్రిప్పుతో పెంచాలి. కోకోపీట్ ఇటుక కొన్నాక రెండు మూడు నీళ్ళు పోసి కడగడం మర్చిపోకు, అందులో ఉప్పు ఉంటుంది. వీటికి ఈసీ 2.0 నుంచి 2.5. శ్రావణం భాద్రపదం మబ్బు రోజులు, వెలుతురు తక్కువ, గాల్లో తేమ బాగా ఎక్కువ, మొక్కలు సన్నగా సాగుతాయి కాబట్టి ఒత్తుగా పెట్టకు, ఆకుల మధ్య గాలి ఆడాలి. తేమలో ఆకు నుంచి నీళ్ళు ఆవిరవ్వవు, ఆ ఆవిరితో పాటే పైకెళ్ళాల్సిన కాల్షియం కొస ఆకులకి చేరదు, దాంతో లేత ఆకుల అంచులు మాడినట్టు అవుతాయి. చూసి కాల్షియం తక్కువైందని ఇంకా వేసేవాళ్ళున్నారు, అక్కడ కావాల్సింది ఒక చిన్న ఫ్యాను.

అక్టోబరు మన ఊళ్ళో వానలు బాగా పడే నెల, తుఫాన్ల టైము కూడా, కొత్తగా ఏమీ మొదలుపెట్టకు. ఆ నెలాఖర్లో ఇంట్లో ట్రేల్లో లెట్యూస్, పాలకూర, బాక్ చోయ్ (చైనా ఆకుకూర), చెర్రీ టమాటా నారు పోసుకుంటే కార్తీకం మధ్యలో పైపుల్లోకి మార్చుకోవచ్చు. అక్కణ్ణుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా నీ రాజ్యమే, రాత్రి 18 డిగ్రీల దాకా దిగుతుంది, నీళ్ళు వాటంతటవే చల్లగా ఉంటాయి, ఏది వేసినా వస్తుంది. కొత్తిమీరకి ధనియాలు నలిపి రెండు బద్దలు చేసి గుంపుగా ఒకే జల్లెడ కుండీ అదే నెట్ పాట్‌లో వెయ్యి, మొలకకి పది రోజులైనా పడుతుంది, కంగారుపడకు.

ప్రశ్న: మేము లాసన్స్ బే దగ్గర ఉంటున్నాం, రిటైరయ్యాను. మా బోరు నీళ్ళు టీడీఎస్ (కరిగిన ఉప్పుల లెక్క) 1100 చూపిస్తున్నాయి. వీటితోనే చెయ్యొచ్చా? మా అబ్బాయి ఏసీ నీళ్ళు పట్టి వాడమంటున్నాడు.

జవాబు: వద్దండి. మీరింకా మందు వెయ్యకముందే ఆ నీళ్ళ ఈసీ (మీ మీటరు 500 లెక్కదైతే) 2.2, ఆకుకూరకి కావాల్సిన దానికి రెట్టింపు, అదీ పనికిరాని ఉప్పు. బీచికి దగ్గరున్న బోర్లలో సముద్రపు నీరు కలుస్తుంది, సోడియం, క్లోరైడు మొక్కకి అక్కర్లేవు, తీసుకోక వదిలేస్తే డబ్బాలో రోజురోజుకీ పేరుకుంటాయి. జీవీఎంసీ (కార్పొరేషన్) కుళాయి నీళ్ళు బకెట్లలో పట్టి రాత్రంతా మూత తీసి ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది, పొద్దున వాడుకోండి. దానికంటే మంచిది వాన నీరు. మొదటి రెండు వానలు డాబా కడిగిపోనిచ్చి తర్వాతి నీళ్ళు డ్రమ్ములకి పట్టుకుంటే ఉప్పులు దాదాపు సున్నా. బోరు నీళ్ళు వాడక తప్పకపోతే ఒక వంతు బోరు, మూడు వంతులు వాన నీరు కలపండి.

ఏసీ నీళ్ళలో ఉప్పులుండవు నిజమే, కానీ కాయిల్ మీదుగా దుమ్మూ రాగీ కడుక్కుని వస్తాయి, తినే కూరలకి నేనైతే పొయ్యను, మల్లె కుండీలకి పోసుకోమనండి.

ఇంకో మాట. మీ నీళ్ళు గట్టి నీళ్ళు కాబట్టి పీహెచ్ (నీళ్ళ పులుపు కొలత, పులుపు పెరిగితే అంకె తగ్గుతుంది) మీరు ఎంత దించినా మళ్ళీ పైకెక్కుతుంది. 5.5, 6.5 మధ్య ఉంచాలి మనం. 7 దాటితే లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి, ఐరన్ అందట్లేదని గుర్తు. ఈడీటీఏ అనే రకం ఐరన్ మందు పీహెచ్ 6.5 దాటితే పనిచెయ్యదు, డీటీపీఏ రకం కొంచెం పైదాకా ఓర్చుకుంటుంది. పీహెచ్ దించడానికి ఫాస్ఫారిక్ యాసిడ్ వాడండి, చేతికి గ్లౌజులు, ఎప్పుడూ నీళ్ళలో యాసిడ్ పోయాలి గానీ యాసిడ్‌లో నీళ్ళు కాదు. నిమ్మరసం, వెనిగర్ పిండితే ఒకటి రెండు రోజులే, సూక్ష్మజీవులు తినేస్తాయి.

ప్రశ్న: నేనూ మా ఫ్రెండూ ఒకే బకెట్ నీళ్ళలో పీపీఎం (లీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పులో చెప్పే) మీటర్లు ముంచాం. నాది 900 అంది, తనది 1260 అంది. ఎవరిది పాడైంది?

జవాబు: రెండూ బాగానే ఉన్నాయి. ఈసీని నీది 500తో హెచ్చవేస్తుంది, తనది 700తో. నీళ్ళ ఈసీ 1.8, దాన్ని ఎలా హెచ్చవేస్తే అలా అంకె వస్తుంది. ఇకమీదట పీపీఎం మానేసి ఇద్దరూ ఈసీలోనే మాట్లాడుకోండి, ఈ కాలమ్‌కి రాసేవాళ్ళందరికీ కూడా ఇదే మనవి.

ప్రశ్న: పెందుర్తి దగ్గర మాకు పొలం ఉంది, ఇంట్లో 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు) బస్తా, డీఏపీ, యూరియా ఉన్నాయి. అవే నీళ్ళలో కలిపితే అవ్వదా, హైడ్రోపోనిక్ మందు అని వేరే ఎందుకు కొనాలి? మా నాన్నగారు నవ్వుతున్నారు.

జవాబు: నాన్నగారి నవ్వులో న్యాయం ఉంది, ఆ చిన్న బాటిళ్ళకి తీసుకునే డబ్బు చూస్తే నాకూ నవ్వే వస్తుంది. కానీ ఉన్న బస్తాలతో అవ్వదు. యూరియాని మట్టిలో ఉండే సూక్ష్మజీవులు మార్చి నైట్రేటు చేస్తేనే మొక్క సరిగ్గా తీసుకుంటుంది, మీ పైపులో మట్టి ఎక్కడిది? 19:19:19లో కూడా నత్రజని ఎక్కువ భాగం యూరియా రూపంలోనే ఉంటుంది, పైగా అందులో కాల్షియం లేదు, మెగ్నీషియం లేదు. డీఏపీ అయితే అమ్మోనియా, నీళ్ళలో అది ఎక్కువైతే వేళ్ళు కాలిపోతాయి.

చవగ్గా చెయ్యాలంటే ఎరువుల షాపులోనే నీళ్ళలో కరిగే కాల్షియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్ అంటే 13:0:45, మోనో పొటాషియం ఫాస్ఫేట్ అంటే 0:52:34, మెగ్నీషియం సల్ఫేట్, ఒక సూక్ష్మపోషకాల ప్యాకెట్ తెచ్చుకోండి. పొలం ఉన్నవాళ్ళు కాబట్టి మిగిలింది డ్రిప్పుకి వాడుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, కాల్షియం నైట్రేట్‌ని చిక్కగా ఉన్నప్పుడు మిగతావాటితో కలపకూడదు, సల్ఫేటూ ఫాస్ఫేటూ కాల్షియంతో కలిసి తెల్లగా సున్నంలా అడుక్కి దిగిపోతాయి, ఇక మొక్కకి అందవు. అందుకే ఎ బాటిల్, బి బాటిల్ అని విడివిడిగా పెడతారు. డబ్బా నిండా నీళ్ళు పోశాక ఒకటి వేసి బాగా కలిపి అప్పుడు రెండోది వెయ్యాలి.

ప్రశ్న: సీతమ్మధార. డచ్ బకెట్లలో టమాటా నిలువెత్తు పెరిగింది, పూత విరగబూస్తోంది, ఒక్క కాయ నిలబడట్లేదు. మే నెలంతా ఇంతే.

జవాబు: రాత్రి వేడి 24 దాటితే టమాటా పుప్పొడి సరిగ్గా పనిచెయ్యదు, మనకి మే నెలలో ఎప్పుడు 24 కిందకి దిగుతుంది చెప్పండి. మందులు కొట్టి డబ్బులు పోగొట్టుకోకండి. కొమ్మలు కత్తిరించి ఉంచితే వానలకి కొంచెం నిలుస్తుంది, అప్పుడు కూడా తేమకి పుప్పొడి ముద్దకడుతుంది కాబట్టి పదకొండు లోపు పూగుత్తిని వేలితో కొట్టి కదపండి. అసలు పంట నవంబరులో వేసిందే. ఈలోగా టమాటా రైతుబజార్లో కొనుక్కోండి, అక్కడ కూడా ఎండాకాలంలో రేటు పెరిగితే కారణం కొంతవరకు ఇదే.

ప్రశ్న: భీమిలి రోడ్డులో ఉంటాం, సముద్రం కనపడుతుంది. హుద్‌హుద్‌కి మా డాబా మీద షెడ్డే లేచిపోయింది. తుఫాను హెచ్చరిక వస్తే ఈ పైపులు ఏం చెయ్యాలి?

జవాబు: 2014 అక్టోబరు 12 చూసినవాళ్ళకి నేను గాలి గురించి చెప్పక్కర్లేదు. హెచ్చరిక రాగానే మొట్టమొదట షేడ్ నెట్ విప్పెయ్యండి, అది తెరచాపలా గాలిని పట్టి స్టాండుతో సహా లాక్కుపోతుంది. మోటారు ప్లగ్గు తీసి కరెంటు బోర్డుకి ప్లాస్టిక్ కవరు కట్టండి. డబ్బా ఖాళీ చెయ్యకండి, నిండా ఉంచి మూత బిగించి తాడు కట్టండి, ఆ బరువే దాన్ని నిలబెడుతుంది, పైగా తర్వాత కరెంటూ కుళాయీ రాకపోతే కూరలకి ఆ నీళ్ళే దిక్కు. కోతకొచ్చిన ఆకంతా కోసేసుకోండి. నారు ట్రేలు ఇంట్లోకి.

తుఫాను వెళ్ళాక ఆకుల మీద ఉప్పు పేరుకుంటుంది, వాన వెనకే వస్తే సరే, లేదంటే మంచినీళ్ళు స్ప్రే చేసి కడగాలి. మీకు మామూలు రోజుల్లో కూడా సముద్రపు గాలికి ఈ ఇబ్బంది ఉంటుంది. ఇనుప స్టాండు వద్దు, రెండేళ్ళు కూడా ఆగదు. కరెంటు ఎక్కువ గంటలు పోయే చోట ఎన్ఎఫ్‌టీ కన్నా వేళ్ళు నీళ్ళలోనే మునిగుండే డీప్ వాటర్ పద్ధతి మేలు, పైపులో నీళ్ళు ఆగితే ఎండ రోజున గంటకే మొక్క వాడుతుంది, తొట్లో అయితే బ్యాటరీ ఎయిర్ పంపుతో గడిపెయ్యొచ్చు.

ప్రశ్న: అక్కయ్యపాలెంలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళు మీ తొట్ల వల్లే దోమలు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మూత లేకపోతే నిజమే. డెంగీ దోమకి మురుగు అక్కర్లేదు, నిలవున్న మంచినీళ్ళే కావాలి, వారం పది రోజుల్లో గుడ్డు దోమై ఎగిరిపోతుంది. పారే పైపుల్లో పెట్టదు, డబ్బాలోనూ ఖాళీ నెట్ పాట్ కన్నాల్లోనూ పెడుతుంది. ప్రతి కన్నం మూసెయ్యండి, డబ్బా మూతకీ పైపు దూరే చోటకీ సన్న మెష్ కట్టండి. వెలుతురు దూరకపోతే పాచి కూడా పట్టదు. ఒకసారి అసోసియేషన్ వాళ్ళని పైకి పిలిచి మూత తీసి చూపించండి, చేతిలో నాలుగు కట్టలు తోటకూర పెట్టండి.

ప్రశ్న: కంచరపాలెం. మా అత్తగారు ఇది మందునీళ్ళ కూర, నేను తినను అంటున్నారు. ఏం చెప్పమంటారు?

జవాబు: ఆర్గానిక్ అని మాత్రం చెప్పకండి, కాదు కాబట్టి. కంపోస్టు నుంచి వచ్చినా ప్యాకెట్ నుంచి వచ్చినా వేరు తీసుకునేది అదే నైట్రేటు, పురుగుమందు కొట్టట్లేదు కదా అని చెప్పండి, కొట్టకపోతేనే. ఆవిడ భయంలో కొంత నిజం లేకపోలేదు, ఆకుకూరల్లో నైట్రేటు పేరుకుంటుంది, మబ్బు రోజుల్లో ఇంకా ఎక్కువ. కోతకి రెండు మూడు రోజుల ముందు డబ్బాలో మందు నీళ్ళు తీసేసి ఉత్త నీళ్ళు నడపండి, తీసిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి పొయ్యండి. కొయ్యడం పొద్దున కాకుండా సాయంత్రం కొయ్యండి, పగటి వెలుతురులో ఆకు ఆ నైట్రేటుని చాలావరకు వాడేసుకుని ఉంటుంది. అయినా తిననంటే ఆవిడకి రైతుబజారు కట్ట తెచ్చిపెట్టండి, దానికి యూరియా ఎంత పడిందో అడక్కండి.